చిరునామా దొరికితే దోషి దొరికినట్టేనా?

మాస్కోలో గణితం బోధించే దిమిత్రీ బొగాతోవ్‌ను 2017 ఏప్రిల్‌లో పోలీసులు అరెస్టు చేశారు. అల్లర్లకు, ఉగ్రవాదానికి ప్రేరేపించే రాతలు ఆయన ఇంటి ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) నుంచి వెలువడ్డాయన్నది అభియోగం. ఆ ఇంట్లో నడుస్తున్నది, పంపినవారెవరో బయటపడకుండా ఇంటర్నెట్ సందేశాలను చేరవేసే టార్ నెట్‌వర్క్‌లో చివరి మజిలీ అయిన ఎగ్జిట్ సర్వర్. ఆ రాతలు వెలువడిన వేళ ఆయన భార్యతో కలిసి బయట ఉన్నారని న్యాయవాదులు మొత్తుకున్నారు. అయినా జులై దాకా జైలు, ఆ తర్వాత గృహనిర్బంధం తప్పలేదు. 2018 మేలో గాని అభియోగాలు ఎత్తివేయలేదు.

టార్‌లో ప్రతి సందేశం స్వచ్ఛంద సేవకులు నడిపే మూడు సర్వర్ల మీదుగా సాగుతుంది. ఒక్కోదానికి తన ముందున్నది, తన తర్వాతిది మాత్రమే తెలుస్తాయి. చివరి సర్వర్ చిరునామాయే వెబ్‌సైట్‌కు కనబడుతుంది, పోలీసులకూ అదే దొరుకుతుంది. పంపినవారెవరో చెప్పమని ఆ సర్వర్ యజమానిని ఎంత నిలదీసినా ఫలితముండదు. ఆయన దాచడం లేదు, ఆయనకు నిజంగానే తెలియదు.

ఈ వ్యవస్థకు పునాది పడింది అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో. నిఘా నీడలో పనిచేసే పాత్రికేయులకు, సెన్సార్‌షిప్ ఉన్న దేశాల పౌరులకు, హింసించే భర్త కంటబడకుండా సాయం వెతుక్కునే మహిళకు నేడు అదే అండ. నేరగాళ్లూ దీన్ని వాడుకుంటున్నారు. పిల్లలపై అకృత్యాల చిత్రాలూ ఈ దారిలో చేతులు మారుతున్నాయి. ఆ నేరాల తీవ్రతను మేం ఏమాత్రం తగ్గించి చూడం. అందుకే అసలు దోషిని వదిలి, పైసా ఆశించని స్వచ్ఛంద సేవకుడి తలుపు విరగ్గొట్టే దర్యాప్తును తప్పుపడుతున్నాం.

ఐరోపాలోనూ భద్రత అరకొరే. కేవలం సమాచారాన్ని చేరవేసేవారికి బాధ్యత అంటదని ఐరోపా చట్టం 2000లోనే చెప్పింది. అయినా ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరంలో ఎగ్జిట్ సర్వర్ నడిపిన ఒక యువకుడికి 2014లో కోర్టు మూడు నెలల జైలుశిక్ష విధించి, అమలును నిలిపి ఉంచింది. టార్ సర్వర్లు నడిపే జర్మనీ సంఘం ట్స్వీబెల్‌ఫ్రాయిండె బాధ్యుల ఇళ్లపై 2018 జూన్‌లో దాడులు జరిగాయి. పోలీసులు వెతుకుతున్న ఎవరో వాడిన ఈమెయిల్ సేవకు ఆ సంఘం విరాళాలు స్వీకరించి పెట్టడమే కారణం! సోదాలు చట్టవిరుద్ధమని మ్యూనిక్ కోర్టు తర్వాత తేల్చింది. అప్పటికే కంప్యూటర్లు, కాగితాలు పోలీసుల చేతికి చేరాయి.

మన దేశంలో ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ ఇతరుల సమాచారాన్ని చేరవేసే మధ్యవర్తులకు రక్షణ ఇస్తుంది. భారీ కంపెనీలకు ఆ కవచం పనికొస్తుంది, వాటికి న్యాయవాదుల దండు ఉంటుంది. అద్దె సర్వర్ మీద టార్ నడిపే హైదరాబాద్ ఇంజినీరుకో, విశాఖ విద్యార్థికో అది వర్తిస్తుందని ఎవరు భరోసా ఇస్తారు? కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సీఈఆర్‌టీ-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు భయాన్ని పెంచాయి. లాగ్‌లు, అంటే సర్వర్ కార్యకలాపాల నమోదులు, 180 రోజులు భద్రపరచాలి, వినియోగదారుల ఐపీ చిరునామాను మరుగుపరిచే వీపీఎన్ సంస్థలైతే వినియోగదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలి. ఉల్లంఘనకు ఏడాది వరకూ జైలు పడవచ్చు. ఆ ఆదేశాలు రాగానే పేరున్న వీపీఎన్ సంస్థలు కొన్ని తమ సర్వర్లనే ఇక్కడి నుంచి తరలించుకుపోయాయి. ఆ స్తోమత వ్యక్తులకు లేదు.

ఫలానా తేదీన ఫలానా ఐపీ చిరునామా టార్ సర్వర్‌దా కాదా అన్నది టార్ ప్రాజెక్టు బహిరంగంగానే చూపుతుంది. తనిఖీకి నిమిషాలు చాలు. సోదా వారెంటు కోరే ముందు ఈ తనిఖీ చేశామని దర్యాప్తు అధికారి మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా తెలపాలన్న నిబంధన తేవాలి. లాభాపేక్ష లేకుండా సర్వర్ నడిపేవారికీ 79వ సెక్షన్ వర్తిస్తుందని కేంద్రం స్పష్టం చేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సైబర్ పోలీసులు మొదటి పనికి ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. డీజీపీల సర్క్యులర్‌తో రేపే మొదలుపెట్టవచ్చు.