యాభై లక్షల ప్యాకేజీ, పులిహోర డబ్బా

మొన్న ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగు సంఘం ఉగాది వేడుకల్లో భోజనాల దగ్గర ఏం జరిగిందో హాల్లో ఉన్నవాళ్ళందరికీ తెలుసు, నవ్వినవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. పంచాంగ శ్రవణం అయింది, స్పాన్సర్లకి శాలువాలు కప్పడం అయింది, పిల్లల డాన్సులు ఎప్పటిలాగే ఆలస్యంగా మొదలై ఎప్పటిలాగే ఆగకుండా సాగాయి. చివరి బంతి లేచాక పులిహోర రెండు పెద్ద ట్రేలు మిగిలింది. కొత్తగా వచ్చిన ఒకబ్బాయి, చంకలో పాపని వేసుకుని, వడ్డించే ఆవిడ దగ్గరికి వచ్చి "మిగిలితే కొంచెం డబ్బాలో పెట్టుకోవచ్చా అక్కా" అని మెల్లగానే అడిగాడు. పక్కనే మైకు పట్టుకుని ఉన్న మన కమిటీ పెద్దమనిషి అది విని "యాభై లక్షల ప్యాకేజీ వాళ్ళు కూడా డబ్బాలు తెచ్చుకుంటున్నారండోయ్, పులిహోర జాగ్రత్త" అన్నాడు. మైకులోనే. హాలంతా నవ్వింది. ఆ అబ్బాయి కూడా నవ్వాడనుకోండి, నవ్వకేం చేస్తాడు.

వాట్సాప్ గ్రూపులో చేర్చుకునేటప్పుడు ఉద్యోగం, ఊరు, ప్యాకేజీ అన్నీ ఆరా తీసింది మనమే. ఆ అంకె అందరికీ అలా తెలిసింది.

ఆ సాయంత్రం ఆ అబ్బాయినీ భార్యనీ పాపనీ కార్లో నేనే దింపాను, బస్సులు తక్కువ కదా ఆదివారం. వాళ్ళది కందుకూరు దగ్గర పల్లె (ఏ జిల్లా అని అడక్కండి, 1970 నుంచీ ఆ ఊరిని నెల్లూరుకీ ప్రకాశానికీ మధ్య అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు). మాది కోవూరు అనగానే ఆ అమ్మాయి ముందు చేపల పులుసు గురించి అడిగింది, తర్వాత పిల్లల్ని చూసుకునే నర్సరీల గురించి అడిగింది, ఆ తర్వాత లెక్కలు వాటంతటవే బయటికొచ్చాయి.

జీతం ఏడాదికి 42,000 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకుంటే యాభై లక్షలే, అబద్ధమేం లేదు. మొదటి 12,570 మీద పన్ను ఉండదు, మిగతాదాని మీద 20 శాతం పన్ను, 8 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం జీతంలో కోసేది), ఆపైన పెన్షన్‌కి పట్టుకునేది. అన్నీ పోను నెలకి చేతికొచ్చేది 2,700 లోపు. రెడింగ్‌లో రెండు బెడ్రూముల ఫ్లాటు అద్దె 1,400, అది కూడా లిఫ్టు లేని మూడో అంతస్తు. కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి మునిసిపాలిటీకి ఇంట్లో ఉండేవాళ్ళు కట్టేది) 180. గ్యాసు, కరెంటు, నీళ్ళు, ఇంటర్నెట్, ఫోన్లు కలిపి ఇంకో 235. సరుకులు, పాలు, పాప డైపర్లు 400కి తగ్గడం లేదు, బస్ పాస్ వేరే. ఊళ్ళో అప్పుకి నెలకి 35,000 రూపాయలు పంపాలి, అంటే మూడొందల పౌండ్లకి కాస్త తక్కువ. ఇక మిగిలేది వంద, వందన్నర. అందులో పాపకి శీతాకాలం కోటు, ఒక పుట్టినరోజు గిఫ్టు, మన ఉగాది ఫ్యామిలీ టికెట్టు. ఆ టికెట్టు కొనాలా వద్దా అని వారం ఆలోచించారట, పిల్లకి తెలుగు వాతావరణం ఉంటుందని కొన్నారట.

అసలు ఆ అప్పెందుకు? ఇక్కడికి రావడానికే. మూడేళ్ళ వీసాకి, ఇక్కడి ప్రభుత్వ వైద్యం వాడుకోవడానికని కట్టించుకునే హెల్త్ సర్‌ఛార్జి పెద్దవాళ్ళకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776, మొత్తం ముందే కట్టాలి. ముగ్గురికీ కలిపి 8,538 పౌండ్లు, అంటే పది లక్షల పైమాటే, విమానం ఎక్కకముందే. కంపెనీ అతని ఒక్కడిదే ఇచ్చింది. వీసా ఫీజులు, టికెట్లు, ఇంటికి డిపాజిట్ దీనికి అదనం. ఆఫర్ లెటర్‌లో ఇవేవీ కనపడవు కదా.

మనవాళ్ళు లెక్క ఎందుకు తప్పుతున్నారంటే నాకు కనపడేది ఇదీ. ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళని చూసి పెరిగాం. అక్కడ ఆదాయపు పన్ను లేదు, చాలామందికి గది కంపెనీదే, పెళ్ళాంపిల్లలు ఊళ్ళోనే ఉంటారు, కాబట్టి దినార్లని రూపాయల్లోకి మార్చి తిండి ఖర్చు తీసేస్తే మిగిలింది ఇంటికొచ్చేది. ఆ లెక్కనే లండన్‌కీ డాలస్‌కీ పట్టుకొచ్చేశాం. పైగా పెళ్ళి చూపుల్లో ప్యాకేజీ అంటే లక్షల్లో ఒక అంకె చెప్పాలి, దాని పక్కన అద్దె చెప్పేవాడెవడూ ఉండడు. కన్సల్టెన్సీ వాళ్ళ సంగతి సరేసరి. ఇంకొకటి, 2025 జులై నుంచి ఇక్కడ ఉద్యోగానికి వచ్చేవాళ్ళకిచ్చే స్కిల్డ్ వర్కర్ వీసాకి మామూలుగా 41,700 పౌండ్ల జీతం ఉండాలి, 26 ఏళ్ళ లోపు కొత్తవాళ్ళకైతే 33,400. ప్రభుత్వమే ఇంత ఉండాలంది కాబట్టి ఇంతుంటే చాలు అనుకుంటున్నారు. ఆ అంకె లండన్‌కీ అదే, న్యూకాసిల్‌కీ అదే. అద్దె మాత్రం సగానికి సగం తేడా.

మా బాబాయి సంగతి చెప్పకుండా ఉండలేను. విడవలూరు దగ్గర రొయ్యల గుంటలు ఆయనకి. కొడుక్కి ఇక్కడ ఆఫర్ వచ్చిందని పొద్దున్నే, అంటే నాకు అర్ధరాత్రి, ఫోన్ చేశాడు. ఇంగ్లీషు రాదు, పాస్‌పోర్టు లేదు, తడ దాటి ఎరగడు. "ఏమ్మా, నలభై అయిదు వేల పౌండ్లంట, యాభై నాలుగు లచ్చలంట గదా, మీ పిన్ని అప్పుడే వీధంతా చెప్పేసింది. నాకు ఆ లెక్క వద్దు. వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) రేటు చూసుకోని గుంటలో రొయ్యపిల్ల వదిలినోడు ఎవుడన్నా బాగుపడ్డాడా? మేతకెంత, కరెంటుకెంత, లీజుకెంత, ఏరియేటర్లకెంత, అయ్యన్నీ పోను చేతికెంత, అది చెప్పు" అన్నాడు. చెప్పాను. నేను చెప్తుంటే అవతల కాగితం మీద పెన్ను గీకుతున్న చప్పుడు వినపడుతోంది. మధ్యలో ఆపి "కౌన్సిల్ ట్యాక్సంటే ఇంటిపన్నే గదా, అది సొంతదారుడు గదా కట్టాల్సింది, అద్దెకుండేవోడు కట్టేదేంది?" అని కోప్పడ్డాడు. నాకు చేతనైతే రద్దు చేయిస్తానన్నాను. అంతా అయ్యాక అడిగిందే అసలు ప్రశ్న. "సరే, వైట్ స్పాట్ తగిలితే?"

వైట్ స్పాట్ అంటే గుంటనంతా తుడిచిపెట్టేసే రొయ్యల జబ్బు. ఇక్కడ దానర్థం ఉద్యోగం పోతే. పోతే కొత్త స్పాన్సర్‌ని, అంటే వీసాకి పూచీపడే ఇంకో కంపెనీని, వెతుక్కోవడానికి మామూలుగా 60 రోజులు ఇస్తారు, ఆ 60 రోజులూ అద్దె మాత్రం ఆగదు అని చెప్పాను. "అయితే మూడు నెలల ఖర్చు వాడి చేతిలో పెట్టి పంపాల. లేదంటే పెళ్ళాన్నీ పిల్లోణ్ణీ ఇక్కడ దించేసి ముందు వాణ్ణొక్కణ్ణి పొమ్మంటా, ఒక గదిలో ఉంటాడు" అన్నాడు. నేను ఇక్కడ ఎంబీయేలు చదివినవాళ్ళతో చాలాసార్లు మాట్లాడాను, ఇంత సూటిగా అడిగినవాళ్ళు లేరు. మన ఊళ్ళలో బస్సులో పక్క సీటువాడు కూడా "జీతం ఎంత, మిగిలేదెంత" అని అడిగేస్తాడని మనం ఇక్కడ కూర్చుని వెక్కిరిస్తాం, మర్యాద తెలీదంటాం. ఆ రెండో ప్రశ్న అడిగే దిక్కు ఈ దేశంలో మన మధ్య లేదు.

ఆఫర్ చేతిలో ఉన్నవాళ్ళు నాకు ఫోన్ చేస్తే చెప్పేది ఇదే. ఆఫీసు ఏ ఊళ్ళో, వారానికెన్ని రోజులు వెళ్ళాలి అని ముందు రాతలో అడగండి. రెడింగ్ నుంచి లండన్‌కి ఏడాది రైలు సీజన్ టికెట్టే అయిదు వేల పౌండ్ల పైన ఉంది, అదొక్కటే జీతాన్ని ఎక్కణ్ణుంచి ఎక్కడికో దించేస్తుంది. ఇళ్ళ ఏజెంట్లకి ఒక కొలత ఉంది, నెల అద్దెని ముప్ఫైతో హెచ్చవేస్తే వచ్చినంత ఏడాది జీతం ఉండాలంటారు చాలామంది. 1,400 అద్దెకి సరిగ్గా 42,000. అంటే ఆ అబ్బాయి అంచు మీదే నిలబడ్డాడు, అద్దె యాభై పెరిగితే ఆ కొలతలో ఇల్లు రాదు. సర్‌ఛార్జి కుటుంబమంతటికీ ఇస్తారా అని కంపెనీని మొహమాటం లేకుండా అడగండి, కొందరు ఇస్తారు, అడగనివాడికి మాత్రం ఇవ్వరు. భార్య కూడా ఉద్యోగం చేస్తుంది కదా అనుకుంటే నర్సరీ ఖర్చు చూసుకోండి, ఈ వైపు పూర్తి రోజులకి నెలకి వెయ్యి పౌండ్లు దాటుతుంది. పనిచేసే తల్లిదండ్రులకి ఇచ్చే వారానికి 30 గంటల ఉచిత నర్సరీ ఇద్దరూ మన వీసాల మీదే ఉన్న జంటలకి వర్తించదు, మూడేళ్ళు నిండాక అందరికీ ఇచ్చే 15 గంటలే గతి.

"మేమూ ఇంతకన్నా తక్కువకే వచ్చాం, నిలబడలేదా" అని సీనియర్లు అంటారని తెలుసు. నిజమే, నిలబడ్డారు. జీతాలు పెరుగుతాయి, పిల్లలు బడికెళ్ళే వయసుకొస్తే నర్సరీ భారం పోతుంది, ఇద్దరూ సంపాదిస్తే ఇల్లు కూడా కొనుక్కుంటారు, అలా కొన్నవాళ్ళే మన సంఘంలో సగం మంది. రావద్దని నేను అనడం లేదు, మా తమ్ముణ్ణీ వద్దనలేదు, వాడు వచ్చే నెల ఒంటరిగానే దిగుతున్నాడు. కానీ మీరొచ్చినప్పటి అద్దెలు వేరు, సర్‌ఛార్జీ అనేదే 2015లో మొదలైంది, అప్పుడు ఏడాదికి 200 పౌండ్లు. ఊరికి ఫోన్ చేసినప్పుడు మనం కారు ఫోటో పంపుతాం గానీ కారు ఇన్సూరెన్స్ రేటు పంపం. వచ్చేవాళ్ళు ఆ ఫోటో చూసే కదా వస్తున్నారు.

అందుకని కమిటీ వాళ్ళకి, ఆ మైకు పట్టుకున్న పెద్దమనిషితో సహా, నేను అడిగేది పెద్దదేం కాదు. బతుకమ్మకీ దసరాకీ ఎలాగూ హాలు బుక్ చేస్తారు, నగల స్టాలుకీ రియల్ ఎస్టేట్ స్టాలుకీ చోటిస్తారు. ఒక బల్ల లెక్కలకి ఇవ్వండి. వచ్చి ఏడాది కాని కుటుంబాలకి టికెట్టు సగానికి తగ్గించండి, మిగిలిన వంట ఎవరడిగినా డబ్బాల్లో పెట్టివ్వండి, డబ్బాలు నేను తెస్తాను. మీలో వీలైనవాళ్ళు మీ నెల ఖర్చు కాగితం మీద రాసి, పేరు లేకుండా, నాకివ్వండి, ఊరివారీగా ఒకే చోట పెట్టి ఆఫర్ వచ్చిన పిల్లలకి పంపుదాం. ముందు నాదే ఇస్తున్నా: అద్దె 1,450, కౌన్సిల్ ట్యాక్స్ 192, గ్యాసు కరెంటు చలికాలంలో 210. మిగతాది రెండో పేజీలో రాశాను, అడిగినవాళ్ళకి ఇస్తాను.