పట్టీ కింద పట్టీలు

మా ఆవిడ మొన్న సంక్రాంతికి వెండి పట్టీలు కొనుక్కుంది. ఆ మర్నాడే కళింగపట్నం బీచికి వెళ్తే, వంశధార సముద్రంలో కలిసే వైపు నిలబడి, కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టుకుని, కాళ్ళు కూడా పడాలని రెండుసార్లు చెప్పి మరీ ఫోటో తీయించుకుంది. బాగుంది కదా అని ఇంట్లో లాప్‌టాప్‌కి వాల్‌పేపర్‌గా పెట్టాను. వచ్చి చూసి ఒకే మాట అంది.

"నా కాళ్ళేవండీ?"

నిజమే. అడుగున మెనూ, గడియారం ఉండే నల్ల పట్టీ, దాన్నే ప్యానెల్ అంటారు, సరిగ్గా చీలమండల దగ్గర నుంచి కప్పేసింది. దాని పట్టీ వల్ల మా ఇంటి పట్టీలు కనబడకుండా పోయాయి.

లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్, విండోస్ మోయలేక రొప్పుతుంటే విశాఖలో ఇంజినీరింగ్ చదివే మావాడు పండక్కి వచ్చినప్పుడు జుబుంటు అని ఒక లినక్స్ వేసి వెళ్ళాడు. పట్టీ మీద రైట్ క్లిక్ కొడితే ప్యానెల్ ప్రిఫరెన్సెస్, అందులో అప్పియరెన్స్, అందులో ఓపాసిటీ, అంటే ఎంత చిక్కగా కనబడాలన్నది, దాని కింద అటూ ఇటూ జరిపే రెండు గీతలు. ఒకటి ఎంటర్, ఒకటి లీవ్. నేను శ్రీకాకుళంలో ఒక హైస్కూల్లో క్లర్కుని, లీవ్ అంటే నాకు తెలిసింది ఒక్కటే, ఏడాదికి 15 సీఎల్. ఇక్కడ చూస్తే 100 ఉంది! వంద లీవులెందుకు దీనికి, అనుకుని సున్నాకి లాగాను. లాగుతుంటేనే నీళ్ళు పోసిన మజ్జిగలా పట్టీ పలచబడి పలచబడి మాయమైంది, పట్టీలు బయటపడ్డాయి. ఆవిడ ఫోన్‌తో స్క్రీన్‌కి ఫోటో తీసి వాళ్ళక్కకి పంపింది కూడా.

మర్నాడు కరెంటు బిల్లు కడదామని కూర్చుంటే మెనూ లేదు, గడియారం లేదు, ఏమీ లేదు. ఆ మెనూ గుర్తు ఎలుక బొమ్మ, కలుగులోకి దూరిపోయినట్టుంది. "రాత్రి ఏటి కెలికారు మీరు?" అని ఆవిడ నా మీదకి వచ్చింది. కెలకలేదంటూ టెన్షన్‌లో మౌస్ ఇటూ అటూ తిప్పుతుంటే, బాణం అడుక్కి తగిలినప్పుడు పట్టీ మొత్తం ప్రత్యక్షం! తీస్తే మాయం. అరసవల్లిలో స్వామి పాదాల మీద ఎండ పడేది మార్చిలో కొన్నాళ్ళు, అక్టోబరులో కొన్నాళ్ళు, దానికైనా తేదీలున్నాయి. మా పట్టీ దర్శనానికి అదీ లేదు, టైం చూడాలన్నా మౌస్‌తో వెళ్ళి దాన్ని తాకి రావాల్సిందే.

మావాడికి ఫోన్ చేశాను. నా సీఎల్ లెక్క విని అవతల కాసేపు మాట లేదు, నవ్వుతున్నాడని తర్వాత తెలిసింది.

"నాన్నా, ఎంటర్ అంటే మౌస్ పట్టీ మీదకి వచ్చినప్పుడు, లీవ్ అంటే పక్కకి వెళ్ళిపోయినప్పుడు ఎంత కనబడాలో. దాన్ని తగ్గిస్తే ఐకాన్లూ అక్షరాలూ అన్నీ పోతాయి. నీకు వెనకాల నలుపు ఒక్కటే కదా పోవాలి? లీవ్ మళ్ళీ వందకి పెట్టు. బ్యాక్‌గ్రౌండ్ స్టైల్‌లో సాలిడ్ కలర్ ఎంచుకుని, ఆ రంగు ఉన్న గడి నొక్కి, ఆల్ఫా, అంటే ఆ రంగు ఒక్కదాని చిక్కదనం, తగ్గించు."

ఆల్ఫా సున్నా చేశాను. నలుపు పోయింది, ఎలుక వచ్చింది, పట్టీలు మెరుస్తున్నాయి. గడియారం మాత్రం లేదు. మళ్ళీ ఏం లీవో అనుకున్నాను గానీ, తెల్ల అంకెలు, వెనకాల ఎండలో తెల్లగా పడిన ఇసుక, ఇంకేం కనబడుతుంది? గడియారాన్ని కొంచెం కొంచెంగా ఎడమకి జరుపుకుంటూ వచ్చాను. ఒకచోట ముదురు నీలం మీద అంకెలు చక్కగా తేలాయి. అది చీర అంచు, సరిగ్గా పట్టీ మీదకి దిగిన చోట.

ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, వంగి చూసింది.

"నా పట్టీ మీద ఎనిమిదీ నలభై అని ఏటండీ అది?"

కాఫీ ఇవ్వలేదు. ఎనిమిదీ నలభై ఒకటి అయింది.