తోకే గాని పుంజు కనిపించని పందెం

2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణానదిలో అంతర్జాతీయ మోటారు పడవల పందెం జరిగినప్పుడు, మా బావమరిదితో కలిసి రెండు గంటలసేపు ఎండలో గట్టున నిలబడి చూసిన అనుభవం ఈ వ్యాసకర్తకు ఉన్నది గనుక, ఈ క్రీడను గురించి సాధికారంగా రాయడానికి తగిన అర్హత తనకు కలదని మొదటే మనవి చేసుకుంటున్నాడు. మేము చూసింది నీళ్లు. దూరాన చెవులు చిల్లులు పడే రొద, ఆ రొద వెనుక తెల్లగా పైకి లేచిన తుంపర, దాని వెనుక మరో తుంపర. మా పక్కనే తండ్రి భుజాల మీద కూర్చున్న పిల్లవాడు "నాన్నా, ఎవరు ఫస్టు?" అని అడిగితే, ఆయన కాసేపు కళ్లు చికిలించి చూసి "ఎర్రది" అన్నాడు. ఆ సమయంలో కనుచూపు మేరలో ఎర్ర పడవ ఏదీ లేదు. పిల్లవాడు మాత్రం తృప్తిపడ్డాడు.

పడవ వెనుక లేచే ఆ తుంపరకు ఇంగ్లీషువారు పెట్టుకున్న పేరు రూస్టర్ టెయిల్, అంటే కోడిపుంజు తోక. సంక్రాంతికి భీమవరం వైపు వెళ్లి వచ్చే మనవారికి ఇది కొంత ఇబ్బంది కలిగించే పేరు. అక్కడ బరిలో దిగింది డేగో, కాకో, నెమలో చూడగానే తెలుస్తుంది, చూసినవాడు పందెం కాస్తాడు, కాసినవాడు ఓడిపోతాడు. అంతా పద్ధతి ప్రకారం జరుగుతుంది. ఇక్కడ తోక ఒక్కటే కనిపిస్తుంది, పుంజు ఎవరిదో సాయంత్రానికి గాని తెలియదు.

అయితే ఆ రోజు కృష్ణలో తిరిగినవారు వృత్తి పందెగాళ్లు. వారికి జీతాలు ఉంటాయి, పడవల మీద కంపెనీల పేర్లు ఉంటాయి, కాబట్టి వారి త్యాగంలో విశేషమేమీ లేదు. సొంత డబ్బుతో పడవ కొని, సెలవు రోజున దానిని బండికి కట్టి చెరువుకు లాక్కుపోయి, ఎవరూ అడగకుండానే నీళ్లపాలు చేసే ఔత్సాహికుడే ఈ క్రీడకు అసలైన ప్రాణం. ఏట్లో పోసినా ఎంచి పోయాలని మన పెద్దలు చెప్పిన మాటను ప్రపంచంలో అక్షరాలా పాటిస్తున్నది అతడొక్కడే. ప్రొపెల్లరుకు ఎంత అయింది, పెట్రోలుకు ఎంత పోశాడు, ప్లగ్గులు ఎన్ని మార్చాడు, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుని మరీ పోస్తాడు.

ఈ సంప్రదాయానికి గొప్ప పునాదే ఉన్నది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో మోటారు పడవల పోటీ పెట్టారు. ఒలింపిక్స్ చరిత్రలో పతకాలు ఇచ్చిన మోటారు పోటీ అదొక్కటే. ఆగస్టు చివర, సౌతాంప్టన్ దగ్గరి సముద్రపు పాయలో, గాలివానలో మూడు తరగతుల్లో పందేలు నడిపారు. ఎనిమిదేసి నాటికల్ మైళ్ల చొప్పున ఐదు చుట్లు తిరగాలి, అంటే మొత్తం 74 కిలోమీటర్లు. ఒక్కో తరగతిలో చివరిదాకా వచ్చింది సరిగ్గా ఒక్కటే పడవ. వెస్ట్‌మినిస్టర్ డ్యూక్ గారి పడవ బురదలో కూరుకుపోయింది, ఒకటి నీళ్లు తాగింది, మరొకదానికి ఇంజను మొరాయించింది. కాబట్టి మూడు స్వర్ణాలు ఇచ్చారు, రజతం ఇద్దామంటే తీసుకునేందుకు మనిషి లేడు. ఒక స్వర్ణం ఫ్రాన్సు తరఫున దిగిన ఎమిల్ థుబ్రాన్‌కు దక్కింది. మిగిలిన రెండూ థామస్ థోర్నిక్రాఫ్ట్ నడిపిన జైరినస్ అనే ఒకే పడవకు వచ్చాయి. జైరినస్ అనేది నీటిమీద గిరగిరా తిరిగే ఒక పురుగు శాస్త్రీయ నామం. ఈ క్రీడలో ఇంత నిజాయితీగా పేరు పెట్టిన పడవ మరొకటి నాకు కనిపించలేదు. అందులో ఉన్న ముగ్గురిలో లోపలికి వచ్చిన నీళ్లు తోడిపోసే బాధ్యత కూడా ఒకరిది, ఆయనకూ స్వర్ణమే ఇచ్చారు. వారికి పట్టిన సమయం సుమారు రెండున్నర గంటలు, అంటే గంటకు ముప్పై కిలోమీటర్లు. మన పల్లెవెలుగు బస్సు చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతూ, మేకపిల్లలను కూడా ఎక్కించుకుంటూ, ఇంచుమించు అదే వేగంతో పోతుంది. దాని డ్రైవరు మెడలో ఇంతవరకు ఎవరూ ఏ పతకమూ వేయలేదు.

యంత్రబలం మీద ఆధారపడిన ఆటలకు ఒలింపిక్స్‌లో చోటు లేదని తరువాత నియమం రాసుకున్నారు. ఎవరూ చూడలేని ఆటలో ఎవరూ ఓడిపోనప్పుడు గెలుపును ఏమి చేసుకోవాలన్న ప్రశ్న వారిని కలవరపెట్టి ఉంటుందని నా ఊహ.

ఇప్పటి ఔత్సాహికుల పందేలు చాలా మెరుగుపడ్డాయి. ఎంతగానంటే, పందెం ఎప్పుడు మొదలైందో కూడా ప్రేక్షకుడికి తెలియకుండా ఏర్పాటు చేశారు. అమెరికాలో హైడ్రోప్లేన్ అనే చదునైన పడవల పోటీల్లో అందరూ ఒక వరుసలో నిలబడి బయలుదేరరు. ముందే నీటిలో చుట్లు తిరుగుతూ ఉంటారు, ఒక పెద్ద గడియారం వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది, ముల్లు సున్నాకు చేరిన క్షణానికి గీత దాటాలి. ఒక్క క్షణం ముందు దాటినవాడికి శిక్ష. కాబట్టి గట్టున ఉన్నవారు ఎవరిని చూసి ఈలలు వేస్తారో, ఆ మహానుభావుడి పరుగు లెక్కలోకే రాకపోవచ్చు. ముందు పోయేవాడికి దారి కనిపిస్తుంది. వెనుక వచ్చేవాడికి ముందువాడి పుంజు తోక తప్ప మరేమీ కనిపించదు. అంటే ప్రేక్షకుడికీ పోటీదారుడికీ మధ్య ఈ విషయంలో సంపూర్ణ సమానత్వం ఉన్నది.

చిన్న తరగతుల హైడ్రోప్లేన్లలో కూర్చోవడానికి వీలుండదు. మోకాళ్ల మీద నిలిచి, ఒక చేత చక్రం, రెండో చేత థ్రాటిల్ పట్టుకోవాలి. ఆ థ్రాటిల్‌కు స్ప్రింగు ఉంటుంది, చెయ్యి వదిలితే ఇంజను జోరు తగ్గిపోతుంది. కెరటం మీద పడ్డప్పుడల్లా పడవ అడుగు వచ్చి మోకాలి చిప్పలను పలకరిస్తుంది. తిరుమల కాలిబాటలో మోకాళ్ల పర్వతం దగ్గర ఇదే భంగిమలో ఎక్కినవారికి కనీసం పైన దర్శనం, ఆ తరువాత లడ్డూ ఉంటాయి. ఇక్కడ పందెం ముగియగానే తూకం ఉంటుంది. పడవ, మనిషి కలిపి ఇంత బరువుకు తగ్గకూడదని నియమం ఉంటుంది కాబట్టి కాటా ఎక్కిస్తారు, ఆ తరువాత గెలిచినవాడి ఇంజను విప్పి, భాగాలన్నీ కొలిచి చూస్తారు. అప్పటికి ప్రేక్షకులు ఇళ్లకు చేరి స్నానాలు చేస్తూ ఉంటారు. వారు చప్పట్లు కొట్టిన విజేత సాయంత్రం ఆరు గంటలకు అనర్హుడైన సంగతి వారికి జీవితంలో తెలియదు.

సియాటెల్‌లో ఉండే మన తెలుగువారు ఈ చిక్కుకు మార్గం కనిపెట్టారు. ఏటా వేసవిలో అక్కడి వాషింగ్టన్ సరస్సులో హైడ్రోప్లేన్ పందేలు జరిగే వారాంతంలోనే ఆకాశంలో నౌకాదళ జెట్ విమానాల విన్యాసాలు కూడా ఉంటాయి. మా మేనల్లుడు నాలుగేళ్లుగా పడవల పందేనికి వెళ్తున్నాడు. వాడు పంపిన ఫోటోలన్నిటిలోనూ విమానాలే ఉన్నాయి.

ఇంత చెప్పినా, ఈ క్రీడలోని సత్యాన్ని దాచకుండా ఒప్పుకున్న ఊరు ప్రపంచంలో ఒకటి ఉన్నది. కెనడా పడమటి తీరంలోని నానైమోలో 1967లో, ఆ దేశపు శతవార్షికోత్సవాల సందర్భంగా, స్నానాల తొట్టెలకు మోటార్లు బిగించి జలసంధి దాటి వాంకూవరు చేరే పందెం పెట్టారు. దూరం సుమారు 58 కిలోమీటర్లు. దీనికి పెద్దదిక్కుగా నిలిచిన ఫ్రాంక్ నే తరువాత ఆ ఊరి మేయరై, సముద్రపు దొంగ వేషంలో తిరిగేవాడు. మన మేయర్లు వేషం వేయనవసరం లేకుండానే నెట్టుకొస్తున్నారన్నది వేరే విషయం. మొదటి ఏడు దాదాపు రెండు వందల తొట్టెలు బయలుదేరితే అవతలి గట్టు చేరినవి యాభైకి లోపే. ఇంజను ఎనిమిది హార్స్‌పవరుకు మించకూడదని తరువాత నియమం పెట్టారు. మన రైతు బోరుకు పెట్టుకునే ఏడున్నర హెచ్‌పీ మోటారు కంటే అది ఒక పిసరు ఎక్కువ. ఆ మోటారు నీళ్లు పైకి తెస్తుంది, ఈ మోటారు మనిషిని నీళ్లలోకి దింపుతుంది.

అవతల చేరిన ప్రతివాడికీ తొట్టె కంతకు పెట్టే బిరడా, బంగారు రంగుది, బహుమతిగా ఇచ్చేవారు. అందరికంటే ముందు మునిగినవాడికి వెండి ప్లంజర్, అంటే పూడుకుపోయిన పైపులను వదిలించే ఆ రబ్బరు బుడ్డి. ఈ వెండి ప్లంజర్ గురించి చదివినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. గడియారం అక్కరలేదు, తూకం అక్కరలేదు, ఇంజను విప్పి చూడనక్కరలేదు. మునిగినవాడు మునిగాడని గట్టు మీద ఉన్న పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది.

కాబట్టి కృష్ణలో ఇలాంటి పోటీ ఒకటి పెట్టాలని ప్రభుత్వానికి వినతిపత్రం రాస్తున్నాను. మన ఇళ్లలో స్నానాల తొట్టెలు తక్కువ గనుక, వాటి స్థానంలో పుట్టిని ప్రతిపాదించాను. గుండ్రంగా ఉండే ఈ వెదురు వాహనానికి మోటారు పెడితే ముందుకు పోకుండా ఉన్నచోటే తిరుగుతుందని మా ఇంజనీరు మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. జైరినస్ చరిత్ర వినిపించిన మీదట ఊరుకున్నాడు. ముందుగా మునిగినవారికి వెండి చెంబు. నీళ్లు తోడిపోయడానికి మా బావమరిది ఒప్పుకున్నాడు, ఒకటే షరతు పెట్టాడు: "తోడటానికి ఇచ్చేదీ చెంబే, బహుమతీ చెంబే అయినప్పుడు, ఆ వెండిదేదో ముందే ఇచ్చేయండి బావగారూ, దానితోనే తోడతాను."