ఇథనాల్ కలపండి, మా పాత బండ్లకి ఓ నాజిల్ కూడా వదలండి

మొన్న ఆదివారం రాజాం దగ్గర మా ఊరు వెళ్తే అరుగు మీద పెద్ద గొడవే అయింది. చెరకు, మొక్కజొన్న లాంటివాటి నుంచి తీసే స్పిరిట్, అదే ఇథనాల్, కలిపిన ఈ పెట్రోలు పచ్చి మోసం అంటాడు మా బావ. మా చిన్నాన్న రెండెకరాల్లో మొక్కజొన్న వేస్తాడు, ఆయనేమో "ఒరే, మీ కార్లకి ఓ కిలోమీటరు తగ్గితే ఇంత ఏడుపా? మా గింజ కొనేవాడు ఒకడు పెరిగాడు కదా" అని. ఇద్దరూ నా మొహం చూశారు. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చిన్నాన్న మాటలో న్యాయం ఉంది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి కొనుక్కుంటున్నదే. 2014లో పెట్రోలులో ఇథనాల్ ఒకటిన్నర శాతం ఉండేది, 2022 జూన్‌కి 10 అయింది, 2025కి 20 అయింది. దీనివల్ల 1.44 లక్షల కోట్ల రూపాయల విదేశీ మారకం మిగిలిందని కేంద్రం చెప్తోంది. ఇక మా వైపు సంగతి. ఆమదాలవలస, భీమసింగి చక్కెర ఫ్యాక్టరీలు మూతపడ్డాక చెరకు వేసేవాళ్లు తగ్గారు, చాలామంది మొక్కజొన్నకి మళ్లారు. కోళ్ల దాణా వాళ్లు తప్ప ఇంకో దిక్కు లేకపోతే ధర వాళ్లు చెప్పిందే కదా, కాబట్టి ఇథనాల్ ఫ్యాక్టరీ అనే రెండో బేరం రావడం రైతుకి మంచిదే. (2025-26కి మద్దతు ధర క్వింటాకి 2,400. కళ్లంలో ఆ డబ్బు చేతికొస్తుందా అంటే చిన్నాన్న కూడా నేల చూపులు చూశాడు.) చెరకు నుంచి తీస్తే లీటరు ఇథనాల్‌కి 2,860 లీటర్ల దాకా నీళ్లు పడతాయని కేంద్రానికి సలహాలిచ్చే నీతి ఆయోగే రాసింది, అందుకని గింజ వైపు మళ్లడం ఒకందుకు నయం కూడా.

ఇప్పుడు నా గొడవ. నాది 2016 పెట్రోలు కారు. ఇథనాల్ 10 శాతం వరకే అని దాని మాన్యువల్లో స్పష్టంగా ఉంది. వారానికోసారి విజయనగరం నుంచి రాజాం, అదే రోడ్డు, అదే మనుషులు, ట్యాంకు నిండా కొట్టించి మళ్లీ నిండా కొట్టించేదాకా లెక్క రాస్తాను. లీటరుకి 17 వచ్చేది ఇప్పుడు 16. నెలకి 50 లీటర్లు వాడతాను, అంటే మూడు లీటర్లు గాల్లో కలిసినట్టే, ఇక్కడి రేటుకి మూడు వందల పైచిలుకు. ఇందులో మాయ ఏమీ లేదు. ఇథనాల్ లీటరులో ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, ఐదో వంతు అదే పోస్తే మైలేజీ తగ్గకుండా ఎలా ఉంటుంది? ఇథనాల్ లేని పెట్రోలుకి తయారై 10 శాతానికి సర్దిన కార్లలో 6-7 శాతం, బైకుల్లో 3-4 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. ఇథనాల్‌కి ఆక్టేన్ (ఇంజన్లో అదుపు తప్పి ముందే మండకుండా తట్టుకునే గుణం) ఎక్కువ, ఇంజన్ సాఫీగా నడుస్తుంది అంటారు. నిజమే, కానీ ఆ లాభం పూర్తిగా అందేది దానికోసం కట్టిన కొత్త ఇంజన్లకి. నా పాతదానికి ఒరిగేది తక్కువ.

అదే నివేదిక ఇంకో మాట కూడా అంది. శక్తి తగ్గుతుంది కాబట్టి ఈ పెట్రోలు ధర మామూలు పెట్రోలు కంటే తగ్గించాలని. తగ్గిందా? లేదు. 2025లో కేంద్రం ఇచ్చిన జవాబు ఏమిటంటే, నివేదిక రాసినప్పుడు ఇథనాల్ చవక, ఇప్పుడు రవాణా, జీఎస్టీ కలిపి సగటున లీటరు 71.32 రూపాయలు పడుతోంది, పన్నులు వేయకముందు పెట్రోలుకి పడే ఖర్చు కంటే అదే ఖరీదు అని. సరే, రైతు కోసం ఆ ధర ఇస్తున్నారు, ఇవ్వండి. కానీ ఆ బరువు 20 శాతానికి తట్టుకునే బండ్లు రావడం మొదలైన 2023 ఏప్రిల్‌కి ముందు బండి కొన్నవాడి మీద మాత్రమే ఎక్కువ పడటం ఏం న్యాయం?

మా బావ "ఇంజన్ పేలిపోద్ది" అంటాడు, అది తప్పు, అలాంటిదేమీ లేదు. కానీ కొన్ని రకాల రబ్బరు పైపులు, గాస్కెట్లు దీనికి తట్టుకోవు. నా కారులో ఒక పైపు చెమర్చి మార్చాల్సి వచ్చింది. ఇంకో భయం నీళ్లు. మనది సముద్రం గాలి, తుఫాన్ల జిల్లా. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, నీరు ఓ మోతాదు దాటితే ఇథనాల్ పెట్రోలుని వదిలేసి ఆ నీళ్లతో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతుంది. పోయిన వానాకాలం బావ బైకు ఆగిపోతే మెకానిక్ పెట్రోలు సీసాలోకి తీసి చూపించాడు, రెండు పొరలు. "కిందది ఉత్త నీళ్లనుకోకండి బాబూ, మీ స్పిరిట్ కూడా అందులోనే ఉంది" అన్నాడు. నెలల తరబడి కదలకుండా ఉండే బండ్లు మా వైపు ఇంటికొకటి ఉంటాయి, పిల్లలు వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటారు, బండి షెడ్డులో ఉంటుంది. వాళ్లకి ఈ సంగతి ఎవరు చెప్పారు?

బ్రెజిల్ చూడండి అంటారు. చూద్దాం. అక్కడ 2003 నుంచే ఏ పాళ్లలో పోసినా నడిచే ఫ్లెక్స్ కార్లు అమ్ముతున్నారు. బంకులో ఇథనాల్ వేరుగా, పెట్రోలు వేరుగా ఉంటాయి, ఇథనాల్ ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపు ఉంటేనే లాభమని జనం లెక్క చూసుకుని కొట్టించుకుంటారు. 2025 ఆగస్టులో మామూలు పెట్రోలులో 30 శాతానికి వెళ్లినప్పుడు కూడా ప్రీమియం పెట్రోలుని 25 దగ్గరే ఉంచారు. మా ఊరి బంకులో ఏముంది? ఒకే నాజిల్. అందులో ఎంత శాతం కలిసిందో మీటర్ మీద కూడా రాయలేదు. 20 ఇంకా కుదురుకోకముందే 27 అనే మాట వినిపిస్తోంది.

నేను అడిగేది ఇంతే. పాత బండ్లు తిరిగినన్నాళ్లు ప్రతి మండలంలో ఒక్క బంకులోనైనా 10 శాతం పెట్రోలు ఉంచాలి, నాజిల్ మీద శాతం పెద్ద అక్షరాల్లో రాయాలి, 20 శాతం దానికి రేటు కొంతైనా తగ్గించాలి. ఇది చేస్తే చిన్నాన్న గింజకి వచ్చే నష్టమేమీ లేదు, కొత్త బండ్లన్నీ ఎలాగూ 20 తాగుతాయి.

నా దగ్గర పదకొండు నెలల బంకు చీటీలు ఉన్నాయి. చీపురుపల్లి, రణస్థలం, పాలకొండ వైపు పాత బండ్లు ఉన్నవాళ్లు మీ లెక్క కూడా కింద రాయండి: ఏ ఏడాది మోడల్, ఏ రోడ్డు, ట్యాంకు నుంచి ట్యాంకుకి ఎంత వచ్చింది. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి.