కుళాయి నీటి లెక్క గోడ మీద రాయండి

ధవళేశ్వరం దగ్గర గోదావరి కాలువలకు నీళ్లు ఆపేశారన్న సంగతి డెల్టాలో రైతు తర్వాత ముందుగా తెలిసేది వంటింటికే. ఏప్రిల్ నెలాఖరుకల్లా కుక్కరు నాలుగు కూతలు కూసినా కందిపప్పు గింజ గింజగానే ఉంటుంది. ఒంటికి సబ్బు రుద్దితే నురగ రాదు, బకెట్టు అంచున తెట్టు కడుతుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకుంటుంది. గోటితో గీరితే పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఇల్లాలు సబ్బు మార్చి చూస్తుంది, పప్పు బాగాలేదని కిరాణా కొట్టులో తగువు పెట్టుకుంటుంది. తప్పు సబ్బుదీ కాదు, పప్పుదీ కాదు. నీళ్లు మారాయి, వాటి కాఠిన్యం పెరిగింది. మారాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఎవరూ చెప్పకపోవడం మీదే మా అభ్యంతరం.

గోదావరి నీళ్లు పుట్టుకతో మెత్తనివి. వరద రోజుల్లో ఎర్రగా, బురదగా వచ్చేవి నిజమే. మన అమ్మమ్మలు బిందె లోపల ఇండుపగింజ అరగదీసి, రాత్రంతా తేరనిచ్చి పొద్దున్నే పై నీళ్లు వంచుకునేవారు. ఆ తేట నీళ్లతో పప్పు ఇట్టే ఉడికేది. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక కాలువలు సముద్రం అంచు దాకా ఆ నీటిని మోసుకెళ్లాయి. పొలాలకే కాదు, ఊళ్ల మంచినీటి చెరువులకూ ఆ కాలువలే ఆధారం. కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం లాంటి పట్టణాలు ఇవాళ్టికీ ఆ కాలువల మీదే బతుకుతున్నాయి.

చిక్కల్లా ఎండాకాలంతోనే. దాళ్వా, అంటే రెండో పంట వరికి చివరి తడి అందడానికే సీలేరు జలాశయాల నుంచి వచ్చే నీటి కోసం కళ్లు కాయలు కాచేలా చూడాల్సి వస్తోంది. ఏప్రిల్‌లో లాకులు దించేశాక మళ్లీ జూన్‌లో నీరు వదిలే వరకూ పట్టణాలు చెరువుల్లో నింపుకున్నదే వాడుకోవాలి. ఆ చెరువుల్లో ఏటేటా పూడిక పెరుగుతోంది, జనాభా అంతకన్నా వేగంగా పెరుగుతోంది. మే నెల వచ్చేసరికి ఎండకు నీరు ఆవిరైపోతుంది, అందులోని లవణాలు మాత్రం అలాగే మిగిలిపోతాయి. పైగా సరఫరాకు చాలక ఎక్కడికక్కడ బోరు నీళ్లు కలుస్తాయి, లేదా జనమే సొంత బోర్ల వైపు మళ్లుతారు.

మన నేల కింద ఉన్నది అసలే మొండి నీరు. డెల్టా అంటే ఒకప్పటి సముద్రం మీద గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఆనాటి ఉప్పు నల్లరేగడి పొరల్లో ఇంకా దాగే ఉంది. ఇసుక దిబ్బల మీద వాన నీరు ఇంకి పైపొరలో తియ్యటి నీరు నిలుస్తుంది, దాని కిందంతా ఉప్పు నీరే. అందుకే కోనసీమలో ఒక దొడ్లో బోరు వేస్తే చప్పటి నీళ్లు పడతాయి, దడి అవతల వేస్తే నోట పెట్టలేం. ఆశపడి లోతుకు దించి గట్టిగా తోడితే కిందనున్న ఉప్పు పైకి ఎక్కుతుంది. చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఊళ్లను చుట్టుముట్టాక ఆ పైపొర ఇంకా పలచబడింది. ఉప్పు నీరు పెట్టిన చెరువు పక్క పొలమే చౌడు తేలుతుంటే పక్కింటి బావి ఎలా మిగులుతుంది?

ఇంతకీ కాఠిన్యం అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన కొలత ప్రకారం అది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 600 దాకా సర్దుకోవచ్చు. బైకార్బోనేట్ల వల్ల వచ్చిన కాఠిన్యం కాచితే సున్నమై గిన్నెకు అంటుకుంటుంది. క్లోరైడ్లు, సల్ఫేట్ల వల్ల వచ్చినది ఎంత కాచినా పోదు. కాఠిన్యం ఇంత దాటితే ఆరోగ్యానికి హాని అంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏ పరిమితీ పెట్టలేదు. అంటే కఠిన జలం విషం కాదు. అది ఇబ్బంది, ఖర్చు. గీజర్లు పాడవుతాయి, సబ్బు ఖర్చు పెరుగుతుంది. ఈ తేడా జనానికి విడమరిచి చెప్పకపోవడం వల్ల భయం పుడుతోంది. ఆ భయాన్ని అమ్ముకునేవారు వీధి వీధికీ తయారయ్యారు.

ఆ అమ్మకం ఎలా జరుగుతుందో చూడండి. శుద్ధి యంత్రం అమ్మే కుర్రాడు వరండాలో రెండు గ్లాసులు పెడతాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో యంత్రం నీళ్లు. రెండింటిలోనూ ఇనుప కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. నిమిషం తిరక్కుండా కుళాయి నీళ్లు గోధుమరంగుకు తిరిగి మడ్డి కడతాయి, రెండోవి తేటగానే ఉంటాయి. “ఇదేనండీ మీ పిల్లలు తాగేది” అంటాడు. తల్లి గుండె గుభేలుమంటుంది. ఆ మడ్డి నీళ్లలోంచి వచ్చింది కాదు, కడ్డీలలోంచి వచ్చింది. లవణాలున్న నీటిలో కరెంటు పారి ఇనుము కరిగి తుప్పవుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు. అదే తేట గ్లాసులో చిటికెడు వంటుప్పు వేసి మళ్లీ కడ్డీలు ముంచమనండి, అదీ మడ్డి కడుతుంది. ఇందులో మురికి సంగతి ఏమీ తేలదు.

పెన్నులాంటి టీడీఎస్ మీటరు సంగతీ అంతే. అది మొత్తం లవణాలను అంచనా కట్టి చెబుతుంది. వాటిలో సున్నమెంతో, ఉప్పెంతో చెప్పదు. కలరా పుట్టించే క్రిమి ఉందో లేదో అసలే చెప్పదు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపున్న చోట, లవణాలు తీసేసే ఆర్వో యంత్రాలను నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కేంద్రాన్ని ఆదేశించింది. మెత్తటి నీటిని యంత్రంలో పోసి, ఒక బిందె పట్టుకోవడానికి రెండు బిందెలు కాలవలో పారబోయడం ఈ కరువు నెలల్లో ఎవరు చేసినా తప్పే. మే నెల బోరు నీటికి ఆర్వో అవసరం కావచ్చు. ఆగస్టులో వచ్చే గోదావరి నీటికి ఎందుకు? కుళాయిలో ఏ నెల ఏ నీరు వస్తుందో తెలిస్తే కదా ఇల్లాలు ఆ తేడా పాటించేది!

కాఠిన్యం గొడవలో పడి అసలు ప్రమాదాన్ని మరచిపోతున్నాం. రోజుకు గంటో రెండు గంటలో వచ్చే కుళాయిలు మనవి. నీళ్లు ఆగిపోయాక గొట్టాలు ఖాళీ అవుతాయి. చాలా వీధుల్లో ఆ గొట్టం మురుగు కాలవ లోంచే వెళుతుంది. ఎక్కడ చిన్న పగులున్నా మురుగు లోపలికి చేరుతుంది. నీళ్లు వదిలీ వదలగానే నలుగురూ కుళాయిలకు మోటార్లు బిగించి లాగుతారు. ఆ లాగుడుకు పక్కనున్న మురుగు కూడా గొట్టంలోకి వస్తుంది. చివరి ఇంటికి మొదటి బిందెడు వాసన కొట్టడానికి కారణం ఇదే. ఆ చివరి ఇంటి నీళ్లలో క్రిములను చంపే క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. క్లోరోస్కోపు గొట్టంలో నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి, పసుపు రంగు తేలిందో లేదో చూస్తే చాలు, రెండు నిమిషాల పని.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలొచ్చి ఆస్పత్రుల పాలైనప్పుడు మొదటి అనుమానం నీటి మీదే పడింది. దేశం నలుమూలల నుంచీ నిపుణులు వచ్చారు, నమూనాలు పట్టుకెళ్లారు. అప్పుడు ప్రతి ఇంటా అడిగిన ప్రశ్న ఒక్కటే: మా కుళాయి నీళ్లు తాగొచ్చా, తాగకూడదా? ఏడాది పొడవునా నెలనెలా వేసిన లెక్క వీధిలో అందరి కళ్లముందూ ఉంటే ఆ ప్రశ్నకు కొంతైనా జవాబు వెంటనే దొరికేది.

కాబట్టి మేము కోరేది ఇది. ప్రతి నెలా ప్రతి వార్డులో చివరి కుళాయి దగ్గర నీళ్లు పట్టి పరీక్ష చేయాలి. ట్యాంకు దగ్గర పట్టిన నీటి ఫలితం మాకు వద్దు. కాఠిన్యం, టీడీఎస్, క్లోరైడు, మిగిలిన క్లోరిన్, మురుగు కలిసిందని చెప్పే ఈ-కొలి క్రిమి ఉందా లేదా అన్న ఐదు సంగతులు వార్డు సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో, తేదీ వేసి రాయాలి. ఒక్కొక్కటీ ఎంత ఉండాలో ఆ కొలత కూడా పక్కనే రాయాలి. బోరు నీరు కలిపిన రోజు కలిపామని చెప్పాలి. దాచిపెడితే జనం భయపడరనుకోవడం పొరపాటు. టిన్ను నీళ్ల బండి వెనకాల రోజూ పరుగెడుతున్న జనాన్ని చూస్తే తెలుస్తుంది.

చెరువుల సంగతి కూడా ఇప్పుడే తేల్చాలి. 2027 పుష్కరాలకు స్నాన ఘట్టాలు బాగుచేసుకుంటాం, మంచిదే. ఆ డబ్బులో కొంత వేసవి చెరువుల పూడిక తీయడానికీ, మురుగు కాలవల్లోంచి మంచినీటి గొట్టాలను పక్కకు జరపడానికీ కేటాయించాలి. చేపల చెరువుల మురుగును పంట కాలువల్లోకి వదిలేవారి మీద కేసులు పెట్టాలి. ఈసారి ధవళేశ్వరంలో లాకులు దించే తేదీ ప్రకటించే రోజునే, ప్రతి పురపాలక సంఘమూ తన చెరువులో ఎన్ని రోజుల నీరుందో, ఏ తేదీ నుంచి బోరు నీరు కలపబోతుందో కూడా ప్రకటించాలి.