పోర్ట్ లిగాట్ గుమ్మంలో నిలబడ్డ ఎలుగుబంటి గారికి

మహారాజశ్రీ తెల్ల ఎలుగుబంటి గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నేను ఇక్కడ క్షేమం. తమరి క్షేమం అడగను. కడుపులో పేగులకు బదులు గడ్డి కూరుకుని నిలబడ్డవారిని ఆరోగ్యం ఎలా ఉందని అడగడం మర్యాద కాదు.

మొన్న స్పెయిన్‌లోని పోర్ట్ లిగాట్‌లో చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఇల్లు చూడ్డానికి వచ్చిన ఓ చిన్న గుంపులో నేనూ ఉన్నాను. తమరికి గుర్తుండను. అందరం చేసింది ఒకటే పని కదా: లోపలికి అడుగు పెట్టడం, "అమ్మో, ఎలుగుబంటి!" అనడం, ఫోన్ పైకెత్తడం. చేతిలో దీపం, మెడ నిండా గొలుసులు, పెళ్ళివారిని ఆహ్వానిస్తున్నట్టు భలే నిలబడ్డారు. మిమ్మల్ని ఎడ్వర్డ్ జేమ్స్ అనే ఇంగ్లీషు కవి కానుకగా ఇచ్చాడట. ఎక్కడ పెట్టాలో తెలియని కానుకలు మాకూ వస్తుంటాయి. మేం అటకెక్కిస్తాం. డాలీ గుమ్మంలోనే నిలబెట్టి దీపం పట్టించాడు.

డాలీ, ఆయన జీవిత భాగస్వామి గాలా 1930లో కొన్నది ఒక జాలరి గుడిసె. తర్వాత పక్క గుడిసె, ఆ పక్కది, అలా నలభై ఏళ్ళు అతికిస్తూనే పోయారు. రెండు మెట్లెక్కితే ఒక గది, మూడు దిగితే ఇంకోటి. ఇద్దరు మనుషులు, అదీ ఒకరి వెనక ఒకరు నడవడానికి కట్టుకున్న ఇల్లు. అందులోకి ముందుగా టికెట్ తీసుకుని, టైం ప్రకారం, బ్యాగులు ఒళ్ళో దాచుకుని మేం దూరుతున్నాం.

నిజం చెప్పాలంటే నేను వచ్చింది గొప్ప గొప్ప బొమ్మలు చూద్దామని. వాటికి ఫిగేరస్ అనే ఊళ్ళో ఆయనే 1974లో తెరిచిన థియేటర్ మ్యూజియంకి పోవాలని తర్వాత తెలిసింది. ఇక్కడున్నది బొమ్మలు వేసిన చోటు. కాన్వాసు నిలబెట్టే ఆ ఈజిల్ చూశాక మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. కాన్వాసు పైభాగంలో రంగు వెయ్యాలంటే మనిషి కుర్చీ దిగడు, కాన్వాసే నేలలోని సందులోంచి కిందికి దిగుతుంది! నా బద్ధకానికి ఇన్నాళ్ళూ లోపించింది ఇంజినీరింగే అన్నమాట.

పక్కనే కిటికీ. కిటికీలో సముద్రం. డాలీ 1951లో వేసిన, శిలువ మీది క్రీస్తు చిత్రం అడుగున కనిపించే పడవలూ కొండలూ నీళ్ళూ ఈ తీరానివే. ఆ కిటికీకి మేం ఒక్కొక్కరం వీపు పెట్టి సెల్ఫీ తీసుకున్నాం.

ఇంకో గదిలో అద్దం ఉంది. మంచం మీంచి లేవకుండానే సూర్యోదయం కనిపించేలా పెట్టించుకున్నాడు. స్పెయిన్‌లో అందరికంటే ముందు సూర్యుణ్ణి చూసేది తనేనని చెప్పుకునేవాడు. ఊరు తూర్పు కొసన, కేప్ క్రేయుస్ పక్కన ఉంది మరి. గొప్పలు చెప్పినా భూగోళం చూసుకునే చెప్పాడు. మేం ఆ అద్దంలో జుట్టు సర్దుకున్నాం.

గాలా కోసం కట్టిన గుండ్రటి గదిలో మన గొంతు మనకే తిరిగి వినిపిస్తుంది. మా గుంపులో ఒకాయన ఎంతకీ కదల్లేదు. ఆయన మాటలు అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంతకుముందు దొరకలేదేమో పాపం. ఈత కొలను దగ్గర టైర్ల కంపెనీ బోర్డులున్నాయి. వాటి గురించి ఎవర్నీ ఏమీ అడగలేదు, ఈ ఇంట్లో అడిగితే మనమే అమాయకులం అవుతాం.

1982లో గాలా పోయింది. డాలీ పూబోల్ అనే ఊళ్ళోని కోటకి వెళ్ళిపోయాడు, ఇక ఈ ఇంట్లో కాపురం ఉండలేదు. మిమ్మల్ని వెంట తీసుకెళ్ళలేదు. పుస్తకాల గదిలోని హంసల్నీ తీసుకెళ్ళలేదు, అవీ మీలా గడ్డి మేసినవే. 1997లో ఇంటిని మ్యూజియంగా తెరిచారు. మీకు చేసిన వైద్యమే ఇంటికీ చేశారనిపించింది: లోపలి ప్రాణం పోయినా పైరూపం చెడకుండా, ఎక్కడివక్కడ, దుమ్ము దులిపి. తప్పు పట్టడం లేదు. చెయ్యకపోతే మేం చూడ్డానికి ఏం మిగిలేది?

ఒక్క సందేహం. తమరు ఇన్నేళ్ళుగా గుమ్మంలోనే ఉన్నారు కదా, కిటికీలోంచి సముద్రం ఎప్పుడైనా చూశారా? నేనైతే ఫోటోలో చూశాను, నా చెవి పక్కన కొంచెం కనిపిస్తోంది.

అన్నట్టు మెడలో గొలుసు ఒకటి పక్కకి జారింది. ఫోటోలో బాగా తెలుస్తోంది. తర్వాతి గుంపు వచ్చేలోగా ఎవరిచేతనైనా సర్దించుకోండి.

ఇట్లు,
నీలిరంగు టోపీ పెట్టుకుని మీ పంజా పక్కన నవ్విన మనిషి