ఆదా చేసి చేసి అలసిన ఊరు

తాడేపల్లిగూడెం బైపాస్ రోడ్డు పక్కన డిస్కౌంటు సరుకుల దుకాణం తెరిచాక మా ఊళ్ళో పేదవాళ్ళు కనబడటం మానేశారు. ఎవరిని కదిపినా నాలుగు వందలో ఆరు వందలో ఆదా చేసుకుని అప్పుడే ఇంటికొస్తున్నవాళ్ళే. రోజంతా పనిచేస్తే వచ్చే కూలికన్నా సాయంత్రం ఓ గంట సామాను కొంటే మిగిలేదే ఎక్కువని తేలడంతో, అసలు పనికి పోవడం దేనికని ఒకరిద్దరు యువకులు మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు. దీనికి ఆర్థికవేత్తల దగ్గర జవాబు లేదు. పాపం వాళ్ళు ఆదాయం, వ్యయం అని రెండే పద్దులు చదువుకున్నారు. ఖర్చు పెట్టినకొద్దీ పెరిగే రాబడి ఒకటుందనీ, అది బిల్లు అడుగున అచ్చయి ఉంటుందనీ వాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"ఈ కొనుగోలులో మీరు ఆదా చేసినది: రూ. 412.50." ఇదీ ఆ వాక్యం. మా ఊళ్ళో ఇప్పుడు బిల్లును పైనుంచి చదివేవాడు లేడు. అందరూ అడుగు నుంచే మొదలుపెడతారు. కట్టిన మొత్తం దాకా వెళ్ళేసరికి ఆనందంతో కళ్ళు చెమర్చి అంకెలు కనపడవు.

మా బాబాయిగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఈ ఆదా అంకెలన్నిటినీ తేదీలవారీగా ఓ నోటుబుక్కులో ఎక్కిస్తున్నారు. ఆ మధ్య మొత్తం కూడి చూసుకుంటే ఒక నెల పెన్షను దాటిందట. ఆలస్యం అమృతం విషమని వెంటనే బ్యాంకుకు వెళ్ళి దాన్ని ఫిక్సెడ్ డిపాజిట్ చేయమన్నారు.

"డబ్బేదండీ మాస్టారూ?" అంది కౌంటర్లో అమ్మాయి.

"ఆదా అయిందని కంప్యూటరే అచ్చేసి ఇచ్చిందమ్మా. ఎక్కడో ఉండే ఉంటుంది, మీ దాంట్లో కొట్టి చూడు."

కొట్టి చూసింది. లేదు. మన బ్యాంకులింకా ఎంత వెనకబడి ఉన్నాయో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దుకాణం తెరిచిన రోజు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక ప్రజాప్రతినిధి రిబ్బను కత్తిరించారు, ఒక సీరియల్ నటి చెయ్యి ఊపారు, ఆ తర్వాత తలుపు అద్దం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇలాంటి విషయాల్లో తెలుగువాళ్ళది ఘనమైన చరిత్ర. 2019 ఫిబ్రవరిలో సిద్దిపేటలో పది రూపాయల చీర కోసం వెళ్ళిన తోపులాటలో కొందరు దెబ్బలు తగిలి ఆస్పత్రిలో తేలారు, కొందరు ఒంటిమీది బంగారం పోగొట్టుకున్నారు. 2023లో కరీంనగర్‌లో రూపాయి నోటు తెస్తే బిర్యానీ అన్నందుకు, బీరువాల్లో దేవుడి పటాల వెనక దాచుకున్న నోట్లన్నీ బయటికొచ్చి చివరికి పోలీసులు రావలసి వచ్చింది. రిజర్వు బ్యాంకు పిలిచినా రాని నోట్లు బిర్యానీ పిలిస్తే వచ్చాయి. ఈ రికార్డుల ముందు మావాళ్ళు పగలగొట్టిన ఒక అద్దం ఏపాటిది?

ఇక ఉల్లిపాయల సంగతి. ఉల్లి టోకు వ్యాపారానికి ఆంధ్రదేశంలో మా గూడెం పెట్టింది పేరు. కర్నూలు ఉల్లి లారీలు ఇక్కడే దిగుతాయి, ఇక్కడినుంచే చుట్టుపక్కల జిల్లాలకు సరుకు వెళుతుంది. మార్కెట్టు వీధుల్లో ఉండేవాళ్ళు ఉల్లి వాసన వస్తోందని అనరు. అది లేని గాలి ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు ఆ అనుమానం ఎలా వస్తుంది? అలాంటివాళ్ళు ఇవాళ ఆటో కట్టించుకుని బైపాసుకు వెళ్ళి, ఎర్రటి వలసంచిలో కుట్టిన కిలో ఉల్లిపాయల్ని తెచ్చుకుంటున్నారు. ఇదేమిటండీ, ఇంటి వెనకే బస్తాలు బస్తాలు ఉన్నాయి కదా అని మా వదినగారిని అడిగాను. ఆవిడ జాలిగా చూసి తర్కం బోధించారు. బస్తాలోంచి తీసి తూచిన ఉల్లికి ఎమ్మార్పీ ఉండదు. ఎమ్మార్పీ లేనిదానికి తగ్గింపు ఉండదు. తగ్గింపు లేనిదాన్ని కొంటే ఆదా అయ్యేదెలా? "మీరు ఎమ్మే చదివి ఏం లాభం మరిదిగారూ," అని కూడా అన్నారు. ఆ మాట మీద నాకు భిన్నాభిప్రాయం లేదు.

ఎమ్మార్పీ అనే ఈ మహత్తర సాహిత్య ప్రక్రియకు దక్కవలసిన గౌరవం దక్కలేదని నా బాధ. అన్ని పన్నులూ కలుపుకుని ఇంతకు మించి అమ్మకూడదని ప్యాకెట్టు మీద వేసే పద్ధతి 1990లో వచ్చింది. కొనేవాణ్ణి కాపాడటానికే తెచ్చారు. ఆ అంకె ఎంత ఉండాలన్నది మాత్రం, మందుల వంటి కొన్ని సరుకులు తప్పిస్తే, తయారుచేసినవాడి ఇష్టానికే వదిలారు. సృజనకు స్వేచ్ఛ ఉంటేనే కదా కళ వికసించేది! డిటర్జెంటు పొడి మీద 240 అని తనే రాసుకుంటాడు. దానిమీద ఓ అడ్డగీత పడుతుంది. పక్కన 139 అని ఎర్రటి అక్షరాల్లో మొలుస్తుంది. గీత లేకుండా ఉత్త 139 అని రాసి చూడండి, "బట్టలు ఉతుక్కోవడానికి నూట నలభయ్యా!" అని గుండెలు బాదుకుంటాం. గీత ఉంటే రెండు ప్యాకెట్లు తీసుకుంటాం. భారతదేశపు రిటైలు రంగంలో శ్రమంతా ఆ గీతదే.

ఆ 139 కూడా ఊరికే రాలేదు. రూపాయి తగ్గించి ఏనుగును తగ్గించినట్టు చూపించే బాటా ధరల విద్య మనకు చెప్పుల కొట్లోనే అబ్బింది. ముంబయి పొవాయిలో 2002లో మొదటి దుకాణం తెరిచిన డీమార్ట్ కంపెనీ 2017 మార్చిలో జనానికి షేర్లు అమ్మింది. ధర ఎంతనుకున్నారు? 299. మూడు వందలు కాదు సుమా. షేరు కూడా అరలో పెట్టిన సబ్బులాగే అమ్మారు, మొదటిరోజే అది రెట్టింపైంది. ఆ రోజు సబ్బు కొన్నవాళ్ళు ఆదా చేశారు, షేరు కొన్నవాళ్ళు సంపాదించారు. మన ఊరి దుకాణం వేరే కంపెనీది, దాని పేరు ఇక్కడ అనవసరం. సబ్బులు మాత్రం ఇక్కడా ఉన్నాయి.

లోపలికి వెళ్ళగానే ట్రాలీ ఇస్తారు. 1916లో అమెరికాలో మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన, గుమస్తా అందించే పని లేకుండా ఎవరి సరుకు వాళ్ళే ఏరుకునే కొట్టు పెట్టాడు. ఆ తర్వాత 1937లో ఓక్లహోమాలో సిల్వన్ గోల్డ్‌మన్ ఈ చక్రాల బండి కనిపెట్టాడు. చేతిలో బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని ఆయన బెంగ. మొదట్లో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆడవాళ్ళు పిల్లల బండ్లు తోసింది చాలన్నారు, మగవాళ్ళు నామోషీ అన్నారు. దాంతో మనుషుల్ని కూలికి పెట్టి కొట్టంతా తోయించాల్సి వచ్చింది. ఆయన తాడేపల్లిగూడెంలో పుట్టి ఉంటే ఆ కూలి మిగిలేది. ఇక్కడ ట్రాలీలో ముందు పిల్లాడు ఎక్కుతాడు, వాడి ఒళ్ళో చెల్లెలు ఎక్కుతుంది, ఆ మిగిలిన జాగాలోనే సామాను.

పప్పులూ బియ్యమూ ఎక్కడో ఆఖరి వరసలో ఉంటాయి. అక్కడికి చేరాలంటే బకెట్లు, మగ్గులు, మూతల డబ్బాల మధ్యనుంచి పోవాలి. కిలో మినప్పప్పు కోసం వెళ్ళి ఖాళీ చేతులతో ఆ దారి దాటిన మనిషి ఇంతవరకూ నాకు తగల్లేదు. డబ్బా 99 రూపాయలే. ఇంటికి తెచ్చాక అందులో ఏం పోయాలన్న సమస్య వస్తుంది. దానికోసం మళ్ళీ వెళతారు. మా ఇంటి అటక మీద ఇప్పుడు ఒకదాంట్లో ఒకటి దూరిన డబ్బాలు ఎన్ని ఉన్నాయంటే, వానలు లేని ఏడాది వస్తే గోదావరి నీళ్ళు కొన్ని పట్టి ఉంచగలం.

బియ్యం వరసలో ఓ క్షణం ఆగాలి. చుట్టూ రైసు మిల్లులున్న జిల్లాలో ప్లాస్టిక్ సంచీలో బియ్యం కొనడం గురించి నేనేమీ అనను, వదినగారు చూస్తున్నారు. సంచి బరువు మాత్రం చూడండి. కొన్నేళ్ళుగా తెలుగువాడి బియ్యం బస్తా 25 కిలోలు. 2022 జులైలో, 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద ఐదు శాతం జీఎస్టీ వేశారు. తెల్లారేసరికి బస్తా 26 కిలోలైంది. ఎండలూ వానలూ ఎరువులూ సాధించలేని దిగుబడిని ఒక నోటిఫికేషను సాధించింది. అదే సమయంలో అవతలి వరసలో బిస్కట్లు చిక్కిపోతున్నాయి. ఐదు రూపాయల ప్యాకెట్టు ఐదు రూపాయలే, లోపల ఉన్నవాళ్ళే ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. గ్రాముకు ఎంత పడిందో ప్యాకెట్టు మీద వేయాలని రూలు ఉంది. వేస్తున్నారు కూడా. చీమలు చదువుకుంటున్నాయని వినికిడి.

బయటికొచ్చే దారిలో ఒకాయన మన బిల్లు తీసుకుని, సామాను వంక ఓ చూపు చూసి, బిల్లుకు చిల్లు పెట్టి ఇస్తాడు. సంచి కావాలంటే డబ్బివ్వాలి. 2019లో చండీగఢ్‌లో మూడు రూపాయల కాగితం సంచి మీద వినియోగదారుల ఫోరానికి వెళ్ళి తొమ్మిది వేలు కట్టించిన మొనగాడున్నాడు. మావాళ్ళు అంత దూరం పోరు, బట్టల కొట్టువాళ్ళు పెళ్ళికిచ్చిన సంచులు పట్టుకెళతారు. ఆదివారాల్లో బళ్ళు నిలిపే చోటు లేక రోడ్డంతా ఆగిపోతోంది కాబట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో మా ఊళ్ళో వేసిన విమానాల రన్‌వేను పార్కింగుకు ఇవ్వాలని ఈ వ్యాసం ద్వారా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. యుద్ధం వచ్చినప్పుడే కదా ఆ రన్‌వే అవసరమయ్యేది. ఆటోవాళ్ళు పోనూ రానూ నూట ఇరవై తీసుకుంటున్నారు. ఆ నూట ఇరవై గురించి బిల్లు అడుగున ఏమీ లేదు కాబట్టి అది ఖర్చు కిందికి రాదు.

ఇంత సంపద ఊళ్ళో పుడుతున్నప్పుడు దానికి పెట్టుబడి ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. విచారించగా మా వీధి మొదట్లో కిరాణా కొట్టు పెద్దాయనదని తేలింది. ఆ కొట్లో ట్రాలీ పట్టదు. ఒక్కోసారి పెద్దాయనే పట్టరు, అరుగు మీద కూర్చుంటారు. జీతాలొచ్చే మొదటివారం అక్కడ ఈగ వాలదు. ఊరు ఊరంతా నగదు పట్టుకుని బైపాసు మీద ఉంటుంది. పదిహేనో తారీకు దాటాక, ఆదా శ్రుతిమించి జేబులో పైసా లేనప్పుడు, కొట్టు ముందు చిన్నపిల్లలు ప్రత్యక్షమవుతారు. పెద్దవాళ్ళు రారు, మొహమాటం.

"తాతగారండీ, అరకిలో కందిపప్పు, ఓ నూనె ప్యాకెట్టు ఇమ్మంది అమ్మ. పద్దు రాసుకోమంది."

ఆయన రాసుకుంటారు, పిల్లాడి చేతిలో ఓ బెల్లంముక్క పెడతారు. "నేడు నగదు, రేపు అరువు" అని గోడమీద బోర్డుంది గానీ మా వీధివాళ్ళంతా దాన్ని రేపే చదువుతారు. ఆ పద్దుకు వడ్డీ లేదు, హామీ సంతకం లేదు, సిబిల్ స్కోరు లేదు. బైపాసు దుకాణంలో ఇదే పిల్లాడు వెళ్ళి ఇదే మాట అంటే అగ్గిపెట్టె పుట్టదు. మొదటివారంలో మేం చేసే ఆదాను మూడోవారంలో మోస్తున్నది ఈ అట్టపుస్తకం. దీన్ని ప్రాధాన్యరంగ రుణాల్లో చేర్చకపోవడం రిజర్వు బ్యాంకు చేస్తున్న అన్యాయం.

పెద్దాయన కూడా కాలానికి ఎదురీదే మనిషి కాదు. కంపెనీ ఏజెంటు ఆయనకిచ్చే నూనె ధరకన్నా బైపాసు దుకాణంలో అమ్మే ధరే తక్కువని తెలిశాక, ఆయనా అక్కడే కొంటున్నారు. బిల్లుకు రెండు ప్యాకెట్లే అని నిబంధన. అందుకని ఆయన, ఆయన భార్య, కోడలు, మనవడు తలో వరసలో, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్ళలా నిలబడతారు. వెనక వరసలోంచి మనవడు "తాతా, చాక్లెట్టు!" అని అరవడంతో ఓసారి గుట్టు రట్టయింది. అలా తెచ్చిన ప్యాకెట్టే ఎమ్మార్పీకి మా బాబాయిగారింటికి అరువు మీద చేరుతుంది. ఆ రోజు బాబాయిగారు నోటుబుక్కు తెరవరు. అందులో ఆదాకే గడి గీశారు.

ఈ మధ్య మనవడు పట్టుబట్టి కొట్లో బిల్లు కొట్టే మిషను పెట్టించాడు. పెద్ద దుకాణాల్లో లాగే బిల్లు అడుగున ఒక వాక్యం వచ్చేలా అమర్చాడు. "ఈ కొనుగోలుతో మీ మొత్తం బాకీ: రూ. 3,860." వీధి వీధంతా భగ్గుమంది. ఇన్నేళ్ళ పరిచయంలో మొహం మీద ఇలా అచ్చేసి ఇస్తారా, వ్యాపారం చేసే పద్ధతేనా ఇది, ఆ బైపాసువాళ్ళు ఏనాడైనా ఒక్క మాట అన్నారా అని అరుగుల మీద చర్చలు జరిగాయి. బాబాయిగారు ఆ కాగితాన్ని అందరి ముందూ నాలుగు ముక్కలు చేసి, ఒకటో తారీకు నుంచి ఆ కొట్టు గుమ్మం తొక్కనని శపథం చేశారు. ఇవాళ పద్దెనిమిదే కాబట్టి, అరకిలో పంచదారకు ఇప్పుడే కుర్రాణ్ణి పంపారు. బిల్లు వద్దని చెప్పమన్నారు.